రేపు కొనిపెడతాలే

పిల్లవాడు పరుగెత్తుతూ బోర్లా పడతాడు. దెబ్బకన్నా ఉలికిపాటే ఎక్కువ. ఏడుపు అందుకునేలోపే అమ్మమ్మ నేలను నాలుగు బాదుతుంది: "మా బంగారాన్నే పడేస్తావా!" ఏ పాపమూ ఎరగని నేల తెలుగిళ్లలో తిన్నన్ని దెబ్బలు గజదొంగలు కూడా తిని ఉండరు.

ముచ్చటగానే ఉంటుంది. ఏడుపూ ఆగుతుంది. కానీ ఏడుపు దానంతటదే వచ్చి, దానంతటదే పోతుందని తెలుసుకునే వీలు వాడికి చిక్కదు. పిల్లలు ఏడిస్తే మనకి కంగారు. చేతిలో ఫోను పెడతాం, బూచాణ్ణి పిలుస్తాం, "మగపిల్లాడివి, ఏడుస్తావా" అంటాం. ఏదీ పారకపోతే ఉండనే ఉంది: "రేపు కొనిపెడతాలే."

వెనకటికి ఇళ్ల తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవారు. దయ్యం పాపం అది చదువుకుని రోజూ వెనక్కి పోయేదట. పిల్లలు దయ్యాలంత అమాయకులు కారు.

1960ల చివర్లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ మొదలుపెట్టిన మిఠాయి పరీక్ష గురించి చాలామంది వినే ఉంటారు. వెంటనే తింటే ఒకటి, ఆగితే రెండు. ఆగిన పిల్లలు కళ్లు మూసుకున్నారు, పాటలు పాడుకున్నారు. నిగ్రహమంటే వాళ్లదేనని లోకం మెచ్చుకుంది. 2013లో అచ్చయిన రోచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ల ప్రయోగం దీనికో మెలిక పెట్టింది. మిఠాయికి ముందే, బొమ్మలకి మంచి రంగులు తెస్తామని పిల్లలకి చెప్పారు. కొందరికి తెచ్చారు, కొందరి దగ్గరికి వట్టి చేతులతో వచ్చారు. రంగులు అందినవాళ్లు మిఠాయి ముందు సగటున 12 నిమిషాలు ఆగారు. అందనివాళ్లు 3 నిమిషాలు. పాల్గొన్నది 28 మందే అనుకోండి. అయినా, పెద్దవాళ్ల మాట నీటిమీద రాతైనచోట పిల్లవాడు ఎవర్ని నమ్మి ఆగాలి?

తెలిసినవాళ్లింట్లో నాలుగేళ్లవాడికి అట్టు తుంచి పెట్టారు. వాడికి మొత్తం అట్టు కావాలి. పిండేమో అయిపోయింది. ఇల్లెగిరిపోయేలా ఏడుపు. "కడుపులోకెళ్తే ఎలాగూ ముక్కలేగా" అని తాత వేదాంతం. వాళ్లమ్మ మాత్రం పక్కన కూర్చుని, "తుంచేశానని కోపమొచ్చింది కదూ" అంది. ఇంకేమీ అనలేదు. వాడు ఏడ్చి ఏడ్చి, ముక్కు చొక్కాకి తుడుచుకుని, చల్లారిన ముక్కలు పచ్చడిలో అద్దుకుని తిన్నాడు. "రేపు మొత్తం అట్టు వేస్తా" అన్న నాయనమ్మ మధ్యాహ్నమే మినప్పప్పు నానబోసింది. వాడు రెండుసార్లు వచ్చి గిన్నెలోకి తొంగిచూసి వెళ్లాడు.

ఇలా కోపాన్ని పట్టించుకుని, అన్నమాట నిలబెట్టుకోవడం గారాబం అనేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. కొననని చెప్పి కొనకపోవడం కూడా మాట నిలబెట్టుకోవడమే. అసలు చిక్కు తిరునాళ్లలో. "కొనను" అంటుంది తల్లి. పిల్లవాడు దుమ్ములో పడి దొర్లుతాడు. పదిమందీ చూస్తుంటారు. ఎంతసేపు దొర్లితే అమ్మ పర్సు తీస్తుందో వాడికి కొట్టినపిండి. బొమ్మల కొట్టతనికీ తెలుసు; వాడు కిందపడగానే బొమ్మ బస్సుకి బ్యాటరీలు వేయడం మొదలుపెడతాడు.