వేలితో కొట్టి చూపించమ్మా

ఎచ్చెర్లలో బస్సు దిగేవాళ్లలో ఎక్కువమంది అంబేద్కర్ విశ్వవిద్యాలయం పిల్లలే. నేను వెళ్లింది మాత్రం ఆ మండలంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి. బీపీ, షుగర్ మాత్రల కోసం వచ్చినవాళ్లతో వరండా నిండిపోయింది. గుండె దడ గురించి అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "అది గేసు బాబూ." సోడా తాగమని ఒకరు, వాము నమలమని ఇంకొకరు. ఈ గేసు పేరు చెప్పుకుని ఎన్ని గుండె జబ్బులు ఇళ్లలోనే ఉండిపోతున్నాయో!

లోపల డాక్టరమ్మ ముందు నలభై దాటిన ఒకావిడ కూర్చుంది. జీడితోటల్లో పనికి వెళ్తుందట. "గుండి దడదడలాడిపోతంది డాక్టరమ్మా. కూకుంటే తగ్గిపోతాది, పనిలోకి దిగితే మల్లీ మామూలే."

డాక్టరమ్మ వెంటనే స్టెత్ అందుకోలేదు. బల్ల చూపించి, "ఎలా కొట్టుకుంటందో వేలితో కొట్టి చూపించమ్మా" అన్నారు. ఆవిడ సిగ్గుపడుతూనే టకటకా ఒకే తాళంలో కొట్టింది. స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా మొదలవుతుందా, మెల్లగా పెరుగుతుందా? మెల్లగానే. ఆయాసం కూడా ఉంది. కింది కనురెప్ప లాగి చూస్తే పాలిపోయి ఉంది. రక్తహీనత ఉంటే ఒంటికి సరిపడా ప్రాణవాయువు అందించడానికి గుండె పరుగు పెట్టక తప్పదు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు రాశారు.

తర్వాత వచ్చిన కుర్రాడిది పరీక్షల గాబరా, రాత్రంతా టీలు. అతన్ని మాత్రం రెండు ప్రశ్నలు అడిగారు. ఆడుతూ ఎప్పుడైనా స్పృహ తప్పావా? ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా? లేదన్నాక గానీ ఆమె ముఖం తేలికపడలేదు.

ఆ వేలి పరీక్ష సంగతి ఓపీ అయ్యాక విడమరిచి చెప్పారు. ఒక దెబ్బ తప్పినట్టుండి తర్వాతది గట్టిగా తగలడం చాలామందికి ఉండేదే, మిగతా గుండె బాగుంటే భయం లేదు. ఉన్నట్టుండి మొదలై, నిమిషానికి 150 దాటి, అంతే హఠాత్తుగా ఆగిపోయేది గుండెలోని విద్యుత్ దారుల్లో తేడా కావచ్చు. అసలు తాళమే లేకుండా కొట్టుకుంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని అనుమానించాలి. అందులో గుండె పైగదుల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. చిన్నప్పుడు రుమాటిక్ జ్వరం వచ్చి కవాటం దెబ్బతిన్నవాళ్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ. ఈ శ్రీకాకుళం జిల్లాలో ఇంకొకటి కూడా చూసుకోవాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు రోగులకు పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది.

"దడ తగ్గాక వస్తారు. అప్పుడు ఈసీజీ బాగానే ఉంటుంది. ఏమీ లేదనుకుని వెళ్లిపోతారు" అన్నారు డాక్టరమ్మ. ఈసీజీకి చిక్కేది తీస్తున్న ఆ కొద్ది సెకన్ల లయే. దడ ఉన్నప్పుడే దగ్గరి ఆసుపత్రిలో తీయించుకున్న కాగితం విలువ, తగ్గాక తీసిన పది కాగితాలకు ఉండదు. రోజూ వచ్చే దడైతే 24 గంటలు ఒంటికి కట్టి ఉంచే హోల్టర్ పట్టుకుంటుంది. నెలకోసారి వచ్చేది దానికీ దొరక్కపోవచ్చు.

దడతో పాటు ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే మాత్రం ఇక్కడికి కూడా రావద్దంటారామె. 108కి ఫోన్ చేసి నేరుగా శ్రీకాకుళం పెద్దాసుపత్రికి వెళ్లాలి. "మోటారు సైకిల్ మీద వెనక కూర్చోబెట్టి తీసుకొస్తారండీ. దారిలో స్పృహ తప్పితే మనిషి హైవే మీద పడిపోడూ?"