కాంతి మోసికొనిపోవు భ్రమణము

ఉపాధ్యాయుడు తన తప్పును గూర్చి వ్రాయుట యరుదు. అయినను ఇరువది సంవత్సరముల క్రిందట నేను ముండ్లమూరులో చేసిన యొక తప్పిదమును ఈ సంచికలో మీ ముందుంచ దలచితిని.

ఒక ఉదయమున తరగతిలో కాంతిపాఠము చెప్పుచుంటిని. ఒక బాలుడు తన మేనమామ పట్టణమునుండి తెచ్చిన నల్లకండ్లద్దములను చేతబట్టి, ఉత్తరపు కిటికీగుండా ఆకాశమును జూచుచు, వానిని మెల్లగా చక్రమువలె త్రిప్పుచుండెను. “అయ్యా, అద్దము త్రిప్పగా ఆకాశము నల్లబడుచున్నది, మరల తెల్లబడుచున్నది. ఏల?” అని యడిగెను. నాకు సమాధానము తెలియదు. తెలియదని చెప్పుటకు సిగ్గుపడి, “కాంతికి వెలుగు, రంగు తప్ప మరేమియు లేదు. నీ కన్ను భ్రమపడినది, కూర్చుండుము” అంటిని. తరగతి యంతయు నవ్వెను. అటుపిమ్మట ఆ బాలుడు నన్నొక్క ప్రశ్నయు నడుగలేదు.

ఆ ప్రశ్న మాత్రము నన్ను విడువలేదు. పుస్తకములు తెప్పించుకొని చదివితిని. పగ్గమును ఒకకొన కట్టి, రెండవకొనను పైకి క్రిందికి ఊపినచో అల నిలువుగా సాగును. ప్రక్కలకు ఊపినచో అడ్డముగా సాగును. చేతిని గుండ్రముగా త్రిప్పినచో మెలిదిరుగుచు సాగును. కాంతియు నిట్లే కంపించును. ఆ తీరునకే ధ్రువణమని పేరు. సూర్యకాంతిలో అన్ని దిక్కుల కంపనములు కలసియుండును. అది గాలియందలి అణువులపై బడి లంబకోణమున చెదరినపుడు ఒక దిక్కు కంపనములే హెచ్చుగా నుండును. ఉదయమున తూర్పుననున్న సూర్యునకు ఉత్తరాకాశము లంబకోణముననే యుండును. ఆ కండ్లద్దములు ఒక దిక్కు కంపనములనే పోనిచ్చు జాతివి. బాలుడు చూచినది సత్యమే.

గుండ్రముగా మెలిదిరుగు కాంతి విశేషము ఇంకను గొప్పది. అందలి ప్రతి కాంతికణము, అనగా ఫోటాను, కొంత భ్రమణమును తనతో మోసికొనిపోవును. మన ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతముగారు 1928లో కలకత్తా చేరి సర్ సి. వి. రామనుగారి యొద్ద పరిశోధన మొదలిడిరి. 1931లో వారిరువురును చెదరిన కాంతియొక్క ధ్రువణమును కొలిచి, ఫోటానునకు సహజభ్రమణము కలదనుటకు నిదర్శనము దొరకినదని ప్రకటించిరి. అణువును తాకి చెదరునపుడు ఫోటాను భ్రమణము మారినచో, ఆ భేదము అణువునకు చేరవలెను. ఒకటి కోల్పోయినదానిని మరియొకటి పొందవలెను గదా. 1936లో అమెరికాయందు రిచర్డ్ బెత్ అను శాస్త్రజ్ఞుడు, సన్నని తీగెకు వ్రేలాడదీసిన స్ఫటికపు బిళ్ళను అట్టి కాంతి మెలిత్రిప్పుటను ప్రత్యక్షముగా కొలిచెను.

ఎలక్ట్రానునకును భ్రమణము కలదని 1925లో ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ అను డచ్చి యువకులు తెలిపిరి. ఫోటాను ఎలక్ట్రానును ఢీకొన్నపుడు, రెండింటి భ్రమణములు ఒకే వైపుననున్నవా, ఎదురెదురుగా నున్నవా యనుదానిని బట్టి చెదరుటయందు హెచ్చుతగ్గులు కలుగును. 1957లో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో గోల్డ్‌హేబర్, గ్రాడ్జిన్స్, సన్యార్ అనువారు అయస్కాంతముగా చేసిన ఇనుముగుండా గామాకిరణములను పంపి, అయస్కాంతదిశను మార్చి మార్చి లెక్కించి, కిరణముల భ్రమణదిశను కనుగొనిరి. ఇనుప పరమాణువులోని 26 ఎలక్ట్రానులలో సుమారు రెండు మాత్రమే యట్లు వరుసదీరును. ఆ రెండే సాక్ష్యమిచ్చెను.

నేడు అతివేగముగల ఎలక్ట్రానుల కెదురుగా మెలిదిరుగు లేజరుకాంతిని పంపుచున్నారు. నేరుగా వెనుకకు మరలిన ఫోటానులు ధ్రువణమును దాదాపు పూర్తిగా నిలుపుకొనును గాని, కుడివాటము ఎడమవాటమగును. బండిచక్రము ఒక్కతీరుననే తిరుగుచున్నను, ఎడమప్రక్క నిలిచినవానికి ఒకవిధముగను కుడిప్రక్క నిలిచినవానికి మరొకవిధముగను కనబడును. ఇదియు నట్టిదే: భ్రమణము మారలేదు, పోవు దిక్కు మారినది.

గడచిన జూనులో ఆ బాలుడు తన కుమార్తెను బడిలో చేర్పింప వచ్చెను. మార్కాపురమున పలకల పనిలో నున్నాడట. “నాయనా, ఆనాడు నీవు చూచినది నిజము, తప్పు నాది” అంటిని. అతడు నవ్వి, “నాకు తెలుసునయ్యా. మరునాడు ఇంటి మిద్దెమీదనుండి మరల చూచితిని” అనెను. “మరి నాకేల చెప్పలేదు?” అంటిని. “మీరు కూర్చోమంటిరి గదా” అనెను.

ఆ దినమునుండి నల్లబల్ల కుడిమూలను ఖాళీగా నుంచుచున్నాను. నాకు తెలియని ప్రశ్న అచ్చట వ్రాయబడి, సమాధానము దొరకువరకు చెరుపబడదు. ఇప్పుడు మూడు ప్రశ్నలున్నవి. అందొకటి ఆ బాలిక యడిగినదే. మీరును నిలువబడి యడుగుడు.