డ్రాగన్ ఊళ్లో కూలి రేటు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట రూల్ బుక్ చేతికి రాగానే ఎవరైనా మంత్రాల పేజీలు తిరగేస్తారు. నేను ధరల పట్టిక చూస్తాను. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో కోడి రెండు రాగి నాణేలు, మేక ఒక బంగారు నాణెం, ఆవు పది. గంటసేపు వెలిగే కాగడా ఒక్క రాగి. ఏ పనితనమూ లేని కూలీకి రోజుకు రెండు వెండి. తాగగానే గాయం మానే మందు సీసా యాభై బంగారు నాణేలు. బంగారానికి పది వెండి లెక్కన, కూలివాడు ఆ సీసా కొనాలంటే 250 రోజులు పైసా ఖర్చు పెట్టకుండా పనిచేయాలి.

ఈ లెక్క కట్టాక ఆ లోకం నాకు కనిపించడం మొదలవుతుంది. కొడవలితో కాలు తెగ్గోసుకున్నవాడు ఏం చేస్తాడు? గుడి పూజారి కాళ్లావేళ్లా పడతాడు, షావుకారుకు నోటు రాస్తాడు, లేదా జీవితాంతం కుంటుతాడు. నడుముకు మూడు సీసాలు వేలాడదీసుకుని వీరులు ఊళ్లోకి దిగితే జనం వాళ్ల కత్తుల వంక చూడరు.

అదే పట్టికలో ఒక రోజు దారి బత్తెం ఐదు వెండి నాణేలు. కూలేమో రెండు. రాసినవాళ్లు ఇది పట్టించుకుని ఉండరనే నా అనుమానం. వాళ్ల ధ్యాసంతా సాహసికుల జేబు మీదే. అయితేనేం, పుస్తకంలో పొసగనిదాన్ని ఆటలో నిజం చేసుకోవచ్చు. ఆ దేశంలో పేదవాడు ఊరు దాటి పోలేడు. అందుకే పక్క ఊరి సంగతి ఎవర్నడిగినా పుకార్లే చెబుతారు.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ఈ ఆటను తెచ్చినప్పుడు దాని పునాది బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధాల ఆట. మరుసటి ఏడే ఎం.ఎ.ఆర్. బార్కర్ ‘ఎంపైర్ ఆఫ్ ది పెటల్ థ్రోన్’ వచ్చింది. మిన్నెసోటా యూనివర్సిటీలో దక్షిణాసియా భాషల ప్రొఫెసరాయన. తన టెకుమెల్ లోకానికి ఒక భాషనే కట్టి వ్యాకరణం రాశాడు. ఆ వ్యాకరణానికి దండం పెడతాను గానీ, ఆదివారం పూట ఆడుకోవడానికి కూర్చున్నవాడు విభక్తులు బట్టీ పట్టడు. బార్కర్ చేసిన అసలు తెలివైన పని వేరే. కొత్త ఆటగాళ్లను పరదేశులుగా పడవలో తెచ్చి జకల్లా రేవులో దింపాడు. ఉండాల్సింది పరదేశుల పేటలో. ఊరి మర్యాద తెలియక నోరు జారితే ప్రాణం మీదికొస్తుంది. ఆటగాడికి తెలియనిది పాత్రకూ తెలియదు కాబట్టి ఉపన్యాసాలతో పనిలేదు, భయమే అన్నీ నేర్పిస్తుంది.

వీడియో గేముల్లో ఈ సుఖం లేదు, తప్పు చేస్తే పట్టుకునే మనిషి ఎదురుగా ఉండడు. 2011 నాటి స్కైరిమ్‌లో కొట్టువాడి నెత్తిన బకెట్ బోర్లించి, వాడి ఎదుటే కొట్టంతా దోచుకోవచ్చు. మంచు కొండలు అంత నిజంగా ఉన్న లోకం ఆ బకెట్ దగ్గర తేలిపోతుంది.

మా మేనల్లుడు ఆట నడిపే డంజన్ మాస్టర్‌గా కూర్చున్న కొత్తలో ఓ రాజవంశం మొత్తం రాసుకొచ్చాడు. పట్టాభిషేకాలు, వెన్నుపోట్లు, అన్నీ. మూడో రాజు దగ్గరికి వచ్చేసరికి అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. “ఒరేయ్, ఈ ఊళ్లో మంచినీళ్లెక్కడ?” అని అడిగాను. వాడు కాసేపు పెన్ను కొరికి, “బావి ఉంది మావయ్యా. మూతకు తాళం. తాళంచెవి మునసబు దగ్గర. బిందెకు ఒక రాగి,” అన్నాడు.

ఫోన్లు పక్కకెళ్లాయి. బావి ఎవరిదని ఒకరు, తాళం బద్దలు కొడదామని ఇంకొకరు. ఆటలో నేను క్లెరిక్‌ని, అంటే పూజారిని, నీళ్లు పుట్టించే మంత్రం ఉంది, వేసినప్పుడల్లా పది గ్యాలన్లు. ఊరందరికీ ఊరికే పోస్తానన్నాను. ఒకటో లెవెల్లో రోజుకు రెండుసార్లే. అంటే డెబ్బై అయిదు లీటర్లు, మహా అయితే అయిదు బిందెలు. “లైన్లో ముప్పై ఉన్నాయి మావయ్యా,” అన్నాడు వాడు, చల్లగా.

ఆరో బిందె ఆవిడ గొడవకు దిగింది. మొదటి బిందె ఎవరిదో అందరికీ తెలియాలంది. మునసబు మనిషి చెట్టు కింద నిలబడి వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటున్నాడు. వాడికి లంచం ఇద్దామన్నాడు మా విలుకాడు. ఎంతివ్వాలి? పట్టికలో దానికి రేటు లేదు. రోజు కూలి చూసుకుని, పది రోజులది కట్టి, రెండు బంగారం వాడి చేతిలో పెట్టాం. తీసుకున్నాడు. పేర్లు మాత్రం రాస్తూనే ఉన్నాడు.