మేడం మీ ఊరొచ్చారు

ఏమే షిమోగా పిల్లా,

సక్రెబైలులో ఏనుగు పక్కన నువ్వు దిగిన ఫొటో చూశాను. ఏనుగు బాగుంది. అంతదాకా పోయినదానివి, ఆ దారిలోనే గాజనూరులో నవోదయ బడి ఉందని తెలుసా? మా అమ్మాయి హిందీ మేడం ఇప్పుడు అక్కడున్నారే! అది చదివిన మద్దిరాల నవోదయ నుంచి బదిలీ మీద వెళ్ళారని మొన్ననే తెలిసింది. అందుకే ఈ ఉత్తరం. పనుంటే తప్ప రాయదు మహాతల్లి అంటావేమో, అనుకో.

అమ్మాయికి బాపట్ల అగ్రికల్చర్ కాలేజీలో సీటొచ్చినప్పటి నుంచీ మద్దిరాల వెళ్ళి బళ్ళో అందరికీ ఓ దండం పెట్టుకుని రావాలని అనుకుంటూనే ఉన్నాం. మా ఆడపడుచు కూతురి పెళ్ళని కొన్నాళ్ళు, వానలని కొన్నాళ్ళు. చివరికి సంక్రాంతి వెళ్ళాక, మిరప కోతలు నెత్తిమీద ఉన్నా సరే, బయల్దేరాం. తీరా వెళితే ఏముంది? తెలిసిన ముఖాలు సగం లేవు. లెక్కల సారు రిటైరయ్యారట, సైన్సు సారు కేరళ వెళ్ళిపోయారట. ప్రిన్సిపాలు కొత్తాయన. మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇప్పించారు గానీ, ఏ సీటు సిఫార్సు కోసం వచ్చామో అని పాపం చివరిదాకా ఎదురుచూశారు. మమ్మల్ని గుర్తుపట్టింది మెస్సులో వంటాయన ఒక్కడే. "పెరుగన్నంలో పంచదార అడిగే పిల్ల వాళ్ళమ్మ కదూ?" అన్నాడు. తెచ్చిన స్వీట్లన్నీ మావారు ఆయన చేతుల్లోనే పెట్టేశారు. ఈ బళ్ళతో ఇదే చిక్కు. మాస్టార్లు ఒకచోట ఉండరు. మనం దండం పెట్టాలనుకునే వేళకి ఆ మనిషి ఇంకో రాష్ట్రంలో ఎవరి పిల్లలకో పాఠం చెబుతూ ఉంటారు.

"జీతం తీసుకున్నారు, చెప్పారు. ఇందులో దండాలెందుకు?" అంటావు. నాకు తెలుసు నీ సంగతి. దాన్ని ఆరో తరగతిలో చేర్చేటప్పుడు, పదేళ్ళ పిల్లని హాస్టల్లో పడేసే తల్లి ఉంటుందటే అన్నదానివి. తర్వాత మీవాణ్ణి లక్షలు పోసి ఏ హాస్టల్లో వేశావో, ఆ ఊసు ఇప్పుడెందుకులే. మేమైతే పైసా కట్టలేదు. తొమ్మిదో తరగతి నుంచి కొందరు కట్టే వికాస నిధి కూడా ఆడపిల్లలకి లేదు. ఈ పుణ్యమంతా పీవీదంటారు మావారు. 1985లో ఆయన కేంద్రంలో మానవ వనరుల మంత్రి అయ్యారు, ఆ ఏడే ఝజ్జర్లో ఒకటి, అమరావతిలో ఒకటి, రెండే నవోదయ బళ్ళతో మొదలైంది, ఇవాళ 650 పైమాటే అని వచ్చినవాళ్ళందరికీ ఉపన్యాసం. అమరావతి అనగానే మనదే అనుకుని జనం పొంగిపోతారు. అది మహారాష్ట్రదని చివర్లో చెబుతారీయన.

సరే, మేడం సంగతి. మార్కులొచ్చినందుకు కాదే నా దండం. అవి దాని కష్టం, కొంత మా అత్తగారి మొక్కులు. నువ్వు ఈ ఒక్కటి విను. అది ఏడులో ఉండగా ఓ ఆదివారం చూడ్డానికి వెళ్ళాను. హాస్టల్ మెట్ల మీద మేడం కూర్చుని ఉన్నారు, కింది మెట్టు మీద మా పిల్ల, దాని ఒళ్ళో పరిచిన న్యూస్ పేపరు, మేడం చేతిలో పేల దువ్వెన. దువ్వెన దిగినప్పుడల్లా ఓ హిందీ మాట అడుగుతున్నారు, అది ఆడో మగో చెప్పాలి. తప్పితే జడ పట్టుకుని చిన్న లాగు. ఒప్పయితే పేను గోటి మీద టప్. నన్ను చూసి లేవనైనా లేవలేదావిడ. "రండమ్మా, ఇంకా కొంచెం జనాభా ఉంది" అన్నారు మలయాళం యాసలో. వరసగా ఇంకో నలుగురు పిల్లలు జుట్టు విరబోసుకుని తమ వంతు కోసం కూర్చున్నారు. ఇంట్లో నేను ఆ దువ్వెన తీస్తే పెరడు దాటి పారిపోయేది ఈ పిల్లే కదా! కొంచెం కుళ్ళు కూడా పుట్టింది, నీ దగ్గర దాపరికమేముంది.

ఇక తొమ్మిదో తరగతి. పదిమందిలో ముగ్గురి లెక్కన పిల్లల్ని ఏడాది పాటు హిందీ రాష్ట్రానికి పంపుతారు, అక్కడి పిల్లలు ఇక్కడికొస్తారు. మా దాని పేరు మధ్యప్రదేశ్‌కి వచ్చింది. నేనెంత ఏడ్చి ఉంటానో నీకు వేరే చెప్పాలా? మేడం నాతో వాదించలేదు, ఓదార్చనూ లేదు. ఆ ఏడాదంతా ఆదివారం ఆదివారం అక్కడి వార్డెనుకి ఫోన్ చేసి కనుక్కుని, మళ్ళీ నాకు చేసేవారు. "జలుబు తగ్గింది. రొట్టెలు తింటోంది. నిన్న ఎవరితోనో పోట్లాడింది, కాబట్టి బాగానే ఉంది." అంతే, పెట్టేసేవారు. ఇందాక నువ్వన్నట్టు జీతం కోసమే అనుకుందాం, ఈ ఫోన్లు ఏ జీతంలో రాసుందే?

ఇప్పుడు ఆవిడకి నువ్వే ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. చేశాను. లెక్కల మాస్టారి ముందు పదమూడో ఎక్కం మింగేసి నిలబడ్డదాన్ని నీకు తెలియదా? టీచరన్న మనిషి ఎదురైతే ఇప్పటికీ అదే వరస. "భోంచేశారా మేడం" అన్నాను, "చేశానమ్మా" అన్నారు, పెట్టేశాను. మధ్యాహ్నం నాలుగింటికి.

కాబట్టి నువ్వెళ్ళు. తీర్థహళ్ళి బస్సెక్కితే ఎంతసేపు? పెద్ద మాటలేం వద్దు, ఆవిడకి నచ్చవు. బాపట్ల హాస్టల్లో ఐసీఏఆర్ కోటాలో వచ్చిన ఉత్తరాది పిల్లలున్నారట. మాది వాళ్ళతో హిందీలో పోట్లాడి మరీ గెలుస్తోందట. అది చెప్పు. ఆడా మగా తప్పు పోకుండానే అని కూడా చెప్పు.

పార్శిల్లో గోంగూర పచ్చడి డబ్బాలు రెండు పంపుతున్నాను. పెద్దది మేడంకి, చిన్నది నీకు. మూతల మీద పేర్లు రాశానని చెప్పి సంబరపడకు, డబ్బాల అడుగున కూడా రాశాను.