కందుకూరివారి గడప

రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారి యిల్లు నేడు ప్రదర్శనశాలయై వచ్చినవారి నెల్ల నాహ్వానించుచున్నది. గోడలమీది చిత్తరువులను చూచుచు లోపలి గదిలోని కడుగిడబోయి, యెందుకో గడపకడ నిలిచితిని. పాతకాలపు దళసరి కొయ్య. పాదముల రాపిడికి నునుపెక్కి, నడుమ రవంత పల్లమైనది. 1881 డిసెంబరు 11వ తేదీన, ఊరు ఊరంతయు నాగ్రహించియుండగా, పంతులుగారు జరిపించిన తొలి వితంతు వివాహమునకు వేదికయైనది యీ యిల్లే గదా! వంటవారును నీళ్లు మోయువారును వెలికి వెఱచి ముఖము చాటువేసిన యా దినములలో, గోదావరినుండి బిందె చంక నెత్తుకొని వచ్చి, తానే వండి వడ్డించిన పంతులుగారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారి తడి పాదములును ఇట్టి గడపనే దాటియుండును.

పంతులుగారి రచనలు సంపుటములై బీరువాల కెక్కినవి. ఆయన చేసిన వాదములు చరిత్రలో చేరినవి. ఆమె మోసిన నీళ్లకు సంపుటములు లేవు.

మహనీయుల గృహములను దర్శించునపుడు మనము వారి కలమును, కుర్చీని, కంటద్దములను వెదకుదుము. వ్రాసిన మాట ఆచరణమగుటకు ఆ యింట నెవరెవ రేయే బరువులు మోసిరో యడుగము. సంస్కరణము సభలలో పుట్టిన పుట్టునుగాక, దానికి పట్టెడన్నము పెట్టి బ్రదికించునది వంటయిల్లే యని నాకు తోచినది.