రంగం ఉంగరం

‘‘ఇది కెంపు కాదమ్మా. కావాలంటే బంగారం వరకూ లెక్కకట్టి ఇస్తాను.’’

2006లో ఏలూరులోని ఓ నగల దుకాణంలో వినపడిన మాట అది. ఆ ఒక్క మాటతో ఇద్దరు తోడికోడళ్లు పదిహేనేళ్లకు పైగా ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు.

ఆ ఏడాది ‘ఆపరేషన్ కొల్లేరు’ జరిగింది. ఐదో కాంటూరు లోపల తవ్విన చేపల చెరువుల గట్లు కొట్టేశారు. కొల్లేటి ఊళ్లో ఉంటున్న చిన్నకొడుకు చెరువూ అందులో పోయింది. చేపల మేతకి చేసిన అప్పు మాత్రం మిగిలింది. అప్పుడు అత్తగారే తన వేలినున్న ఉంగరం తీసి చిన్నకోడలి చేతిలో పెట్టింది. ‘‘మీ మావయ్యగారి నాన్న రంగం నుంచి తెచ్చింది. జాతికెంపు. అమ్మి ఒడ్డున పడండి’’ అంది.

రంగం అంటే రంగూన్. ఒకప్పుడు కోస్తా జిల్లాల నుంచి వేలమంది ఓడలెక్కి బర్మాకి పనికి వెళ్లేవారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక, చేతికందింది పట్టుకుని తిరుగుముఖం పట్టారు. ఈ ఇంటి పెద్దాయన పంచె మడతలో దాచి తెచ్చుకున్నది ఆ ఉంగరమే.

దుకాణంలో మాట విన్న చిన్నకోడలు ఉంగరం అమ్మకుండా వెనక్కి తెచ్చేసింది. సంగతి తాడేపల్లిగూడెంలో ఉన్న పెద్దకోడలికి తెలిసింది. ‘‘అత్తయ్య వేలికి ఉన్నన్నాళ్లూ కెంపే. నీ చేతికి రాగానే గాజుముక్క ఎలా అయ్యిందే?’’ అనేసింది. చిన్నావిడ మారు మాట్లాడలేదు. ఉంగరం అక్క చేతిలో పెట్టి వెళ్లిపోయింది. పండక్కి రాలేదు, పబ్బానికి రాలేదు. తగవు తీరకుండానే పెద్దావిడ కన్నుమూసింది.

మాస్టారి నోటుపుస్తకం

పెద్దకొడుకు లెక్కల మాస్టారు. రిటైరయ్యారు. మనవరాలికి ఓణీల వేడుక అనుకున్నాక, ‘‘ఆ గాజుముక్క తీయించి మంచి కెంపు పెట్టిద్దామండీ’’ అంది ఆయన భార్య. సరేనన్నారు. కానీ తెలియని వస్తువు కొనడం మాస్టారికి అలవాటు లేదు. ఓ నోటుపుస్తకం తీసుకుని ఎర్రరాళ్ల గురించి దొరికిందల్లా చదవడం మొదలెట్టారు.

మొదటి పేజీలోనే ఓ ఆశ్చర్యం. బ్రిటిష్ రాజకిరీటం ముందు భాగంలో మెరిసే ‘బ్లాక్ ప్రిన్సెస్ రూబీ’ అసలు రూబీయే కాదు! దాదాపు 170 క్యారెట్ల ఆ రాయి స్పినెల్. జహంగీర్ పేరు చెక్కించుకున్న ‘తైమూర్ రూబీ’ కూడా అంతే. 352 క్యారెట్ల పైచిలుకు స్పినెల్. మన కొల్లూరు గనుల్లో పుట్టిందని చెప్పే కోహినూర్‌లాగే అదీ లాహోర్ ఖజానా నుంచే లండన్ చేరింది. మొఘలులకి తేడా తెలుసు. కెంపుని ‘యాకూత్’ అనీ, స్పినెల్‌ని ‘లాల్’ అనీ పిలిచి, రెంటినీ నెత్తిన పెట్టుకున్నారు. 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్న నిజాం నగల్లోనూ స్పినెల్‌లు ఉన్నాయి.

పొరబాటు ఎందుకు పడ్డారంటే, రెండూ ఒకే గర్భంలో పుట్టిన అక్కచెల్లెళ్లలాంటివి. బర్మాలోని మోగోక్ లోయలో ఒకే గులకమట్టిలో దొరుకుతాయి. రెంటికీ ఎరుపునిచ్చేది క్రోమియమే. కెంపు అల్యూమినియం ఆక్సైడ్. అందులో మెగ్నీషియం కూడా కలిసి వేరే అమరిక కుదిరితే స్పినెల్. కాఠిన్యంలో కెంపు 9, స్పినెల్ 8. రెండూ వేర్వేరని 1783లో ఫ్రెంచి శాస్త్రవేత్త రోమే ద లిల్ తేల్చిచెప్పాడు.

మరో పేజీలో కొనేవాళ్లకి పనికొచ్చే సంగతులు రాసుకున్నారు. పగుళ్లలో సీసపు గాజు నింపిన నాసిరకం కెంపులు 2004 తర్వాత బజారును ముంచెత్తాయి. పెద్దగా, ఎర్రగా, చవగ్గా కనిపిస్తాయి. నిమ్మరసం తగిలినా ఆ గాజు దెబ్బతింటుంది. మంచి రంగు కోసం కెంపుల్ని కాల్చడం మామూలే. ఎర్ర స్పినెల్‌ని అలా కాల్చడం తక్కువ. రంగు చాలావరకూ పుట్టుకతో వచ్చిందే. అందుకే రాళ్లు సేకరించేవాళ్లు దానికోసం వెతుకుతారు. 2007లో టాంజానియాలోని మహెంగేలో భారీ స్పినెల్ స్ఫటికాలు బయటపడ్డాక గిరాకీ ఇంకా పెరిగింది. 2016లో ఆగస్టు నెల జన్మరత్నాల్లో స్పినెల్‌నీ చేర్చారు. ఏ రాయి కొన్నా పరీక్షా కేంద్రం రిపోర్టులో మూడు మాటలు చూసుకోవాలి: రాయి పేరేంటి, సహజమా కృత్రిమమా, ఏమైనా మార్పులు చేశారా.

పేజీ చివర మాస్టారు గీత గీసి ఓ ప్రశ్న రాశారు: ‘కెంపు కాదన్నారు. మరి ఏమిటో ఎవరైనా చెప్పారా?’

ఒక్కటే అంకె

హైదరాబాద్‌లోని ఓ పరీక్షా కేంద్రానికి ఉంగరం తీసుకెళ్లారు. రాయి నున్నటి ముఖాన్ని రిఫ్రాక్టోమీటర్ మీద ఆనించారు. కెంపయితే కాంతి రెండుగా చీలి 1.762, 1.770 అని రెండు అంకెలు వస్తాయి. గాజు నింపినా అంతే. ఇక్కడ ఎటు తిప్పినా ఒక్కటే అంకె వచ్చింది, 1.718. మంటలో కరిగించి చేసే కృత్రిమ స్పినెల్ అయితే 1.728 దగ్గర ఉంటుంది. భూతద్దంలో చూస్తే రాయి లోపల సన్నటి ఎనిమిది ముఖాల స్ఫటికాలు కనిపించాయి. ‘సహజమైన ఎర్ర స్పినెల్’ అని రాసిచ్చారు. ధర చెప్పలేదు. అది వాళ్ల పని కాదు.

మాస్టారు ఇంటికొచ్చి భార్య ముందు కాగితం పెట్టారు.

‘‘కెంపు కాదనేగా దీంట్లోనూ ఉంది?’’ అందావిడ.

‘‘కాదు. ఎప్పుడూ కాదు. అమ్మ వేలికి ఉన్నప్పుడూ కాదు. రాయి మార్చేవాళ్లెవరైనా గాజో, చవక రాయో పెడతారు. వెతికినా దొరకని రాయి తెచ్చి పెడతారా?’’

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. మధ్యాహ్నం భోజనం కూడా సరిగ్గా చేయలేదు. దుకాణదారుడు అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పాడు. ఆ మిగతా సగం తనే పూరించుకుంది.

ఆ ఆదివారం ఇద్దరూ గూడెంలో బస్సెక్కి, ఏలూరులో ఆటో మాట్లాడుకుని కొల్లేటి ఊరికి వెళ్లారు. చిన్నకోడలు వాకిట్లో చేపలు తోముతోంది. అక్కని చూసి లేచి నిలబడింది, తడిచేతులతోనే.

పెద్దావిడ కాగితం తీయలేదు. ఉంగరం తీసి ఆ తడివేలికే తొడిగింది. ‘‘తప్పు నాదే చెల్లీ. రాయి ఏదో నాకు తెలియదు. నువ్వేమిటో కూడా తెలుసుకోలేకపోయాను.’’

చిన్నావిడ కళ్లు తుడుచుకుంది. ‘‘నా కెందుకక్కా... ఓణీల పిల్లకి పెట్టు’’ అంది.

‘‘పెడదాం. నువ్వొచ్చి నీ చేత్తో పెట్టు.’’