పారిస్‌లో ఒక పాచి గది

ఈఫిల్ టవర్ చూసి 6 నంబరు మెట్రో ఎక్కితే, రైలు కాసేపు మేడల కిటికీల పక్కగా గాల్లో నడుస్తుంది. తర్వాత నేలలోకి దిగుతుంది. దిగగానే వచ్చే స్టేషన్ పేరు పాస్టర్. టవర్ దగ్గర్నుంచి ఐదో స్టాపు. టూరిస్టులు పెద్దగా దిగరు. నేను దిగాను. మా కాలేజీ సీనియర్ అక్క అక్కడి పాస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో పోస్ట్‌డాక్ చేస్తోంది. "పారిస్ వచ్చి మ్యూజియంలేనా? మా పాచి కూడా చూసి వెళ్లు" అని పిలిచింది.

1887లో పుట్టిన సంస్థ ఇది. లూయీ పాస్టర్ సమాధి ఈ ఆవరణలోనే ఉంది. హెచ్ఐవీ వైరస్‌ను 1983లో మొదట గుర్తించిందీ ఇక్కడే. ఇంత పేరున్న చోట అక్క నన్ను తీసుకెళ్లింది మాత్రం ఒక చిన్న గదికి. మసక లైట్లు, అరల నిండా గాజు సీసాలు. ఒకదాంట్లో ముదురాకుపచ్చ నీళ్లు, ఒకదాంట్లో నీలం కలిసిన పచ్చ, ఇంకోదాంట్లో ఇటుక రంగు.

"అక్కా, ఇది మా ఊరి చెరువులో పాచే కదా!"

"అదేరా. పేరే సయనోబ్యాక్టీరియా."

భూమి గాలిలో ఆక్సిజన్ నిలవడం మొదలైంది దాదాపు 240 కోట్ల ఏళ్ల కిందట. ఆ పని చేసింది వీటి పూర్వీకులే. మన రైతులు వరిలో వేసే అజొల్లా తెలుసు కదా? దాని ఆకుల్లో కాపురముండి, గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చేదీ ఈ వంశమే. కొన్నయితే లైటును బట్టి రంగు మారుస్తాయి. ఎర్ర లైటు పెడితే పచ్చగా, పచ్చ లైటు పెడితే ఎర్రగా!

"మరి చెరువుకెళ్లి ఓ చెంబుడు తెచ్చుకుంటే పోలా?" అన్నాను.

అక్క నవ్వింది. "చెంబులో ఏమేం ఉన్నాయో ఎవరికి తెలుసు? పాచి చుట్టూ జిగురు ఉంటుంది, ఆ జిగురులో వేరే బ్యాక్టీరియా కాపురం పెడతాయి. ప్రయోగంలో ఏదైనా జరిగితే ఎవరి పనో చెప్పలేం. అందుకే వెంట వచ్చినవాటన్నిటినీ వదిలించి, ఒక్క రకాన్నే పెంచాలి. ఒక్కోదానికి నెలలు పట్టొచ్చు."

ఈ సేకరణకు మూలం రోజర్ స్టానియర్ అనే కెనడా శాస్త్రవేత్త. అమెరికాలోని బర్క్‌లీ నుంచి 1971లో పారిస్ వచ్చేశారు. వీటిని అందరూ నాచు మొక్కలంటున్న రోజుల్లో, కాదు, బ్యాక్టీరియా అని గట్టిగా వాదించారు. తర్వాత రోస్‌మారీ రిప్కా ఏళ్ల తరబడి ఈ సేకరణను పెంచారు. ఇప్పుడిక్కడ 700కు పైగా శుద్ధమైన రకాలున్నాయి.

అక్క చూపించిన సీసాల్లో ఒకదాని మీద 'పీసీసీ 6803' అని ఉంది. మొదటి రెండంకెలు ఏడాదికి గుర్తు. 1968లో కాలిఫోర్నియాలోని ఓ మంచినీటి కుంట నుంచి రియో కునిసావా దీన్ని వేరుచేశారు. 1996లో జపాన్ శాస్త్రవేత్తలు దీని జీనోమ్ మొత్తం చదివారు. కిరణజన్య సంయోగక్రియ చేసే జీవుల్లో జీనోమ్ పూర్తిగా చదివింది దీనిదే మొదట. ప్రపంచంలో ఎన్నో ల్యాబుల్లో ఇప్పుడు ఇదే పెరుగుతోంది.

అసలు చిక్కు అక్కడే ఉంది. ఇది ప్రాణమున్న వస్తువు. పాత నీళ్లలోంచి కొంచెం తీసి కొత్త నీళ్లలో వేస్తూ ఉండాలి, లేకపోతే చచ్చిపోతుంది. అచ్చం మన ఇళ్లలో పాలకు తోడు వేసినట్టే. మా అమ్మమ్మ తోడు పాడైతే పక్కింట్లోంచి తెచ్చేది. ఆ రోజు పెరుగు రుచి తేడాగా ఉండేది, తాతయ్య కనిపెట్టేసేవాడు. 6803 సంగతీ అంతే. చేతులు మారీ మారీ, తరం తర్వాత తరం పెరిగి, ల్యాబుకో రకంగా మారింది. పారిస్‌లో ఉన్నది వెలుతురు వైపు పాకుతుంది. జపాన్‌లో జీనోమ్ చదివినది పాకదు. పేరొకటే, నంబరొకటే!

మరి ఒక దేశంలో వచ్చిన ఫలితం ఇంకో దేశంలో రాకపోతే? తప్పు మనిషిదా, పాచిదా? తేల్చాలంటే ఎక్కడో ఒకచోట పాతది, నమ్మకమైనది ఉండాలి. ఆ కుంటకే మళ్లీ వెళ్లినా 1968 నాటి ఆ కణం దొరకదు.

అందుకే వీటిని లిక్విడ్ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర గడ్డకట్టించి కూడా దాస్తారు. అక్కడ పెరగవు కాబట్టి మారవు. మన ఫోన్ బ్యాకప్ లాంటిదన్నమాట. కానీ కొన్ని రకాలు ఆ చలికి తట్టుకోలేవు, కరిగించాక లేవవు. వాటికి మాత్రం చేత్తో తోడు వేయాల్సిందే, ఎన్నేళ్లయినా.

అక్క మాట్లాడుతూనే దీపం పక్కన కూర్చుని ఒక సీసాలోంచి ఇంకో సీసాలోకి నాలుగు చుక్కలు మార్చింది. లేబుల్ మీద తేదీ రాసింది, మళ్లీ ఎప్పుడు మార్చాలో గోడ మీది చార్టులో రాసుకుంది. ఆ తేదీ ఆగస్టులో పడింది. ఆగస్టంటే పారిస్‌లో సగం షాపులకు తాళాలే, అందరూ సెలవుల్లో ఊళ్లు పట్టుకుపోతారు.

"మరి అప్పుడు వీటికెవరు?" అన్నాను.

"వంతులు వేసుకున్నాం. ఈసారి నాదే" అంది అక్క, గ్లవ్స్ తీసేస్తూ.